ఘనపాఠిగారి స్కాన్

మతిమరుపు జబ్బు బయటపడకముందే మెదడులో ఏం కనిపిస్తుందో చూడటానికి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు కావాలని ఓ ఆసుపత్రివాళ్ళు అడిగితే, మా వీధి ఘనపాఠిగారూ నేనూ పోయిన నెల రాజమండ్రి వెళ్ళి స్కాన్ తీయించుకున్నాం. ఆయనకు వేదం మొత్తం కంఠస్థం. నేనేమో మొన్ననే ద్రాక్షారామం గుడి దగ్గర ఎవరివో చెప్పులు వేసుకుని ఇంటిదాకా వచ్చేసినవాణ్ణి. అందులోనూ ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది.

ఈ రోజు మళ్ళీ పిలిచి ఫలితాలు చెప్పారు. నా మెదడు శుభ్రంగా ఉందట. ఆ జబ్బు తాలూకు మచ్చలు ఆయన మెదడులో ఉన్నాయట.

"మరుపు రావచ్చు, రాకపోనూవచ్చు. వచ్చినా ఇంకా కొన్నేళ్ళు పట్టొచ్చు" అన్నారు డాక్టరమ్మ.

తిరుగు బస్సు జొన్నాడ దాటాక ఆయన నావైపు తిరిగారు. పుస్తకం చూసి వేదం చదివేవాళ్ళంటే ఆయనకు మహా చులకన. అలాంటి మనిషి, "రేపట్నుంచి పొద్దున్నే పుస్తకం పట్టుకుని నా ఎదురుగా కూర్చోండి. నేను చెబుతుంటే ఎక్కడ తప్పినా ఆపేయండి" అన్నారు.

"నాకేం తెలుసండీ? మీ శిష్యులున్నారు కదా!"

"వాళ్ళు గౌరవంకొద్దీ ఊరుకుంటారండి. మీకా ఇబ్బంది లేదు కదా."

"ఆయ్, అలాగేనండి" అనేశాను. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. ఆ మొదటి తప్పు దొరికిన పొద్దున ఆయన్ని ఆపడానికి నాకు నోరొస్తుందా? మీరైతే ఆపుతారా?