బొట్టు పెట్టిన సీడీ

ఇప్పుడు నవ్వుతా ఉండాను గానీ, ఆ పొద్దు నాకు ఏడుపొక్కటే తక్కువప్పా! టీ తాగతా వినండి.

హోసూరు బస్టాండు వెనకాల కృష్ణప్పన్నది పెండ్లి పత్రికల అంగడి. నేను ఆడ టైపింగు. ఎనిమిదోతో బడి నిలిపేసినోణ్ణి, కంప్యూటర్ ముందర కూర్చుంటే కలెక్టర్ మాదిరి అనిపించేది. ఆ పాత సిస్టమ్ ఆన్ చేసి టీకి పోయొస్తే గానీ లేచేది కాదు. తలుచుకుంటే అదీ ముద్దుగానే ఉంది.

అన్న బెంగుళూరు పోయి కొత్త మదర్‌బోర్డు, ర్యామ్ తెచ్చినాడు. బిగిస్తే పాత విండోస్ లేవనే లేదు. అంతా నీలం స్క్రీన్! కొత్తది వెయ్యాల.

"ఇంజినీర్ని పిలుద్దామా రా?" అన్నాడు.

"నేనే వేస్తానన్నా!" అనేసినాను. నోరు తెరిచి పెద్దగా మాట్లాడింది అదే మొదలు.

బెంచీ మీద ఉద్దనపల్లి మునిరెడ్డన్న. కూతురి పెండ్లి పత్రికలు సాయంకాలం బస్సుకి తీసకపోవాల. మ్యాటర్ ఫ్లాపీలో భద్రంగా ఉంది, సిస్టమ్ లేస్తే చాలు.

అంతలో అన్న భార్య సరోజక్క పూజ తట్టతో వచ్చింది. మా పక్క బోరు మోటారైనా బొట్టు లేకుండా స్విచ్ వెయ్యరు కదా! సీపీయూకి పెట్టింది, మానిటర్‌కి పెట్టింది. "ఇదీ కొత్తదే కదప్పా?" అని విండోస్ సీడీ తీసుకునింది. మెరిసే పక్కే దాని మొగం అనుకొని, ఆడ తడి గంధం, పైన కుంకుమ!

సీడీలో ఉండేదంతా డ్రైవ్ చదివేది ఆ పక్కనుంచే! పూజలో అక్కని వద్దనేదెట్ల? తల గోక్కొని అట్లే డ్రైవ్‌లో పెట్టినా.

గర్రు గర్రుమని తిరిగింది. సగం పోయి నిలిచింది. ఫైల్ దొరకలేదంట! బొట్టు తుడిస్తే సరిపోతుంది. అయితే అక్క ఎదురుగానే కూర్చోని ఉంది, ఆమె ముందర బొట్టు తుడిచేదా? ఊరికే ర్యామ్ పీకినా, రబ్బరుతో రుద్దినా, కేబుల్ ఊడదీసినా.

"ఏం తమ్ముడూ, బస్సు పోతుందప్పా" అన్నాడు మునిరెడ్డన్న. పెండ్లికూతురి తండ్రి మొగం చూడలేకపోయినా.

సీడీ బయటికి తీసినా. తిరిగిన వేగానికి బొట్టు చెదిరి గంధమంతా పూసుకోనుంది. అక్క చూసేసింది. "నేను పెట్టిన బొట్టు యాడ పోయె?"

నోట్లోంచి ఎట్ల వచ్చిందో! "ప్రసాదమయిందక్కా!" అనేసి, సీడీ మీది గంధం వేలితో తీసి నా నొసట పెట్టుకున్నా. మునిరెడ్డన్న లేచి వచ్చి నొసలు చూపించినాడు. కృష్ణప్పన్న కూడా! మిగిలిందంతా అక్కే భక్తిగా తన కొంగుతో ఒత్తి కండ్లకద్దుకునింది. సీడీ తళతళ!

మళ్ళీ డ్రైవ్‌లో పెడితే ఈసారి గడగడా లేచింది. పత్రికలు బస్సుకి అందినాయి.

"చూసినావా, నా బొట్టు మహిమ!" అనింది అక్క.

"అవునక్కా" అన్నా.

ఆ అంగడి ఇప్పుడు లేదు. మొన్న ఇంట్లో కొత్త సీడీ తీస్తే, చెయ్యి దానంతట అదే పూజ తట్ట కోసం ఆగింది. ఆ పొద్దు నుంచి ఎన్ని సిస్టమ్‌లకో విండోస్ వేసినా. నా నోట్లో "వద్దక్కా" అనే ఒక్క మాట మాత్రం ఇంతవరకూ ఇన్‌స్టాల్ కాలేదు!