కొత్త బండికి లేని రేకు

ఎవరైనా దెయ్యం మాట ఎత్తితే నేను ముందు తేదీ అడుగుతాను. తర్వాత, నువ్వే చూశావా, చూసినవాళ్ళు చెప్తే విన్నావా అని అడుగుతాను. చాలా కథలు అక్కడితో ఆగిపోతాయి. గ్యాసు బండ వచ్చిన రోజు కూడా క్యాలెండర్ మీద రాసుకునే మనిషిని. చీకట్లో అడుగుల చప్పుడు, చింతచెట్టు మీద తెల్లచీర, ఇవేవీ నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. కాని పోయిన కార్తీకమాసం రెండో సోమవారం, పట్టపగలు, నాకు జరిగినదానికి మాత్రం లెక్క తేలడం లేదు.

మాది ఆమదాలవలస. మా ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. మేనమామ కొడుకు కనక ఇప్పటికీ బావ అనే పిలుస్తాను.

ఇరవై ఎనిమిదేళ్ళు మాకు ఒకటే మోటారు సైకిల్. నేను చీరతో ఒక పక్కకు తిరిగి కూర్చుంటాను. అందుకని బండి కొన్న వారంలోనే బావ నా రెండు పాదాలూ కలిపి నేల మీద పెట్టించి, చుట్టూ సుద్దముక్కతో గీసి, ఆ కొలతకు వెల్డింగ్ షాపులో ఒక ఇనపరేకు చేయించాడు. బండికి ఎడమ పక్కన బిగించాడు. వెల్డింగ్‌లో ఏదో తేడా వచ్చి అది కాస్త వెనక్కి ఒరిగి ఉండేది. మడమలు వేళ్ళకన్నా కిందికి ఉండేవి. నా కాళ్ళు ఆ వాలుకే అలవాటు పడిపోయాయి.

పోయిన దసరాకు బావ ఆ బండిని షోరూములో ఎక్స్ఛేంజికి ఇచ్చేసి, నాకు చెప్పకుండా కొత్తది తెచ్చాడు. ధర రాయను. రాస్తే మళ్ళీ కోపం వస్తుంది. ఎర్రది. వెనక సీటు గుర్రం వీపంత ఎత్తు. పాదాలకు రేకు లేదు, పక్కన చిన్న కడ్డీ ఉంది. దాని మీద కాలు పెడితే నా మోకాలు గడ్డానికి తగులుతుంది.

“అత్తా, మావని దీని మీద సూస్తే నువ్వే కుర్రాడనుకుంటావు,” అన్నాడు బావతో షోరూముకు వెళ్ళొచ్చిన మేనల్లుడు గోవిందు.

“కుర్రాడు సరే, కుర్రాడి పెళ్ళాం ఎక్కడ కూకుంటాదిరా?” అన్నాను.

బావ మొహంలో నవ్వు ఆగిపోయింది. షోరూములో నేను గుర్తుకే రాలేదని ఆ మొహం చూస్తే తెలిసింది.

మర్నాడు బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈ బండికి రేకు బిగించడానికి బోల్టు పట్టే చోటు లేదని అతను తేల్చేశాడు. ఇంకొకడి దగ్గరికి వెళ్ళాడు. అదే మాట. షోరూమువాళ్ళు బండి వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు.

అప్పట్నుంచి బావ బండిని రోజూ తుడిచేవాడు గాని ఎక్కేవాడు కాదు. కూరలకు నడిచి వెళ్ళేవాడు. అన్నం సగంలో లేచిపోయేవాడు. ఒక మధ్యాహ్నం, “నీ కొలత గీసింది నేనే గదే. నేనే మరిసిపోయినాను,” అన్నాడు. “ఎంతకి పోతే అంతకి అమ్మీస్తాను. ఇంక బండే తోలను.”

నన్ను భయపెట్టింది ఆ చివరి మాట. రిటైరయ్యాక మా ఇద్దరికీ ఉన్న సరదా అదొక్కటే. బండి మీద ఎటో పోవడం, దారిలో ఆగి టీ తాగడం, ఎవరి చేను ఎలా ఉందో చూసి రావడం. అది మానేస్తే ఈ మనిషి కుర్చీకి అంటుకుపోతాడు.

“అమ్మితే అమ్ముదువు గాని, పూజ సేయించని బండి అమ్మకూడదు బావా. సోమారం శ్రీముఖలింగం తీసుకెల్లు,” అన్నాను. ఆ నియమం నేను అప్పటికప్పుడు పుట్టించిందే.

“పడిపోతావే.”

“పడితే నువ్వే లేవదీద్దువు గాని. బండి తియ్యి.”

సోమవారం పొద్దున్న మా అరుగు మీద నిలబడి, అక్కణ్ణించి సీటు మీదికి చేరాను. కాళ్ళు గాలిలో వేలాడాయి. ఊరు దాటేదాకా బావ నడుం రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాను. తర్వాత ఒక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. అది దాటాక ఒంటికి హాయిగా అనిపించింది. చేతులు వదులు చేశాను. ఎవరి వరి పడిపోయిందో, ఎవరిది కోతకొచ్చిందో బావకు చెబుతూ కూర్చున్నాను. పాదాలు రెండూ పక్కపక్కన ఆనుకుని ఉన్నాయి, మడమలు కొంచెం కిందికి. ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి కనక నేను పట్టించుకోలేదు.

గుడి దగ్గర బావ బండి ఆపి, నేల మీద కాళ్ళు ఆన్చి, కొబ్బరికాయలమ్మే ఆవిడను స్టూలు అడిగాడు. ఆవిడ తెచ్చేలోగా నేను అలవాటుగా ఎడమ పాదం మీద బరువు వేసి, కుడి కాలు నేల మీద పెట్టి, మెట్టు దిగినట్టు దిగిపోయాను.

బావ అప్పుడే తల తిప్పాడు. ఆవిడ చేతిలో స్టూలు అలాగే ఉంది.

“ఒసే, ఏటి మీద కాలేసి దిగేవే?”

అప్పుడు చూశాను. అక్కడ ఏమీ లేదు.

నేను ఊరుకోలేదు. అదే స్టూలు వేయించుకుని మళ్ళీ ఎక్కి, మళ్ళీ అలాగే దిగబోయాను. కాలు గాలిలోకి జారింది. బావ పట్టుకోకపోతే మోకాలి చిప్ప పోయేది.

“పరీచ్చలు సాల్లే అమ్మా,” అంది ఆవిడ. “ముందు దేవుడికాడికెల్లండి.”

ఇంటికొచ్చాక గోవిందు చేత పాత బండి ఆచూకీ తీయించాను. భావనపాడులో ఒక చేపల వ్యాపారి కొనుక్కున్నాడట. ఫోన్ చేసి రేకు గురించి అడిగాను.

“ఆ రేకా అమ్మా? సేపల ట్రేలకి అడ్డొస్తన్నాదని కొన్న రోజే ఇప్పీసేను. పెరట్లో ఉన్నాది. మా కోడి దాని మీదే పడుకుంటాది.”

“మొన్న సోమవారం కూడా అక్కడే ఉందా?”

“ఇనప రేకమ్మా, ఎక్కడికి పోతాది?” అని నవ్వాడు.

ఆ కడ్డీ మీదే కాలు ఆని ఉంటుందని గోవిందు అంటాడు. కడ్డీ మీద రెండు పాదాలు పట్టవు. పైగా అది ఉన్న ఎత్తుకు, దాని మీద కాలు పెట్టి అంతదూరం వెళ్ళి ఉంటే నా మోకాలు వారం రోజులు లేవనిచ్చేది కాదు. దెయ్యం అందామంటే ఇందులో చచ్చిపోయినవాళ్ళెవరూ లేరు. ఉన్నది ఒక రేకు, అదీ భావనపాడులో కోడి కింద. నేను ఎన్ని విధాల లెక్క వేసి చూసినా తేలలేదు. భయం మాత్రం వేయలేదు.

బండి అమ్మలేదు. నేను అరుగు మీంచి ఎక్కి సర్దుకోగానే, పాత బండి మీద ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట బావ ఇప్పుడు అడుగుతున్నాడు. వెనక్కి తిరగడు, కిందికి చూడడు.

“ఆనిందేటే?”

కొన్ని రోజులు ఆనుతుంది. చాలా రోజులు కాళ్ళు గాలిలోనే ఉంటాయి.

“ఆనింది బావా, పోనీ,” అంటాను.