తొమ్మిదో టిఫిన్ డబ్బా

మా సోషల్ సార్ పోయారని మొన్న పొద్దున జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. కోరుట్లలో పెట్టిన సంతాప సభకు వెళ్లాను. సిరిసిల్ల నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన ముప్పావుగంట మాట్లాడాడు. గుట్టమీది పాత ఇనుప కొలుములను తానే కనిపెట్టి, సార్‌ను వెంటబెట్టుకెళ్లి చూపించాడట. ఆ లెక్చరర్ రాసిన పుస్తకంలోనూ తానే కనిపెట్టానని ఉంది. రెండుసార్లు చదివాను. అందులో సార్ ప్రస్తావన ఎక్కడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ లెక్చరరూ నేనూ సార్ దగ్గర చదువుకున్నవాళ్లమే. మేము కాలేజీలో చేరాక కూడా ఆయన సెలవుల్లో మమ్మల్ని పోగేసి గుట్టలకు తీసుకెళ్లేవారు. కూలిన కోట గోడలు, ఇనుము కరిగించగా మిగిలిన నల్లటి చిట్టెం కుప్పలు చూపించేవారు. ఇక్కడ ఏ రాజు ఉండేవాడని అడిగితే చిరాకుపడేవారు. "రాజు పేరు ఏ పుస్తకంలనైన దొర్కుతది. గీ కొలిమి తిత్తి ఊదినోడు ఎవడో గది చెప్పుండ్రి."

అవి గుట్ట ఎక్కితేనే అనుమానించే రోజులు. పైన అన్నలు, కింద పోలీసులు. అందుకని సార్‌కు రెండు నియమాలుండేవి. నడిచినంతసేపూ గట్టిగా మాట్లాడాలి. "గుసగుసలాడుకుంట నడువద్దు. మనం ఎవలమో ఇద్దరికీ ఇనవడాలె." రెండోది, మనిషికొక్కటే టిఫిన్ డబ్బా. ఒక్కటి ఎక్కువున్నా అన్నలకు సద్ది మోస్తున్నారని పట్టుకుపోయేవాళ్లు.

ఒకరోజు సార్‌తో కలిపి ఎనిమిది మందిమి వెళ్లాం. సార్ మాకు చూపిస్తున్న కొలుముల దగ్గరికి ఎస్సై, నలుగురు పోలీసులు వచ్చారు. మా తలలు లెక్కపెట్టారు. సంచులన్నీ ఒకచోట బోర్లించి డబ్బాలు లెక్కపెట్టారు. తొమ్మిది.

"ఏం పంతులూ, గీ తొమ్మిదోది ఎవలికి?"

"నాదే సారూ. రెండు తింట."

"నీ బక్క పెయ్యి చూస్తే సగం గూడ పట్టేటట్టు లేదు."

"బడిల పోరగాండ్ల మీద ఒర్రి ఒర్రి ఆకలైతది. కూసోండ్రి, తినంగ చూడుండ్రి."

ఇంట్లో ఒక్క రొట్టెకే చేయి కడుక్కునే మనిషి. తన జొన్నరొట్టెలు ముగించి రెండో డబ్బా తెరిచారు. మూతను బోర్లించి మోకాలి కింద పెట్టుకున్నారు. ఆలోపే ఆ మూతమీద చెక్కిన పేరు నాకు కనబడింది. ఇప్పటి ఈ లెక్చరర్ వాళ్ల అమ్మ పేరు. రెండు డబ్బాలు తెచ్చింది అతనే. అతను చెట్టువైపు చూస్తున్నాడు. నేనూ నోరు తెరవలేదు.

పులుసన్నం తింటూనే సార్ కొలిమి పాఠం చెప్పారు. మధ్యలో ఒకసారి కళ్లు మూసుకున్నారు. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టారు. మెతుకు మిగల్లేదు. ఒక పోలీసు మొహం తిప్పుకొని నవ్వాడు.

"పో పంతులూ. మల్ల గీ గుట్ట మీద కనవడకు" అని ఎస్సై లేచాడు.

"కనవడ్త సారూ. అవతలి దిక్కు ఇంక చూడనేలేదు."

ఆ తర్వాత రెండు ఖాళీ డబ్బాలనూ సార్ చిట్టెం ముక్కలతో నింపారు. ఊళ్లోకి రాగానే ఒకటి లెక్చరర్ చేతిలో పెట్టి ఒకే మాట అన్నారు. "పులుసన్నం మంచిగున్నదని మీ అమ్మకు చెప్పు." మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

లెక్చరర్ పుస్తకం అట్టమీద బొమ్మగా వేసుకున్న చిట్టెం ముక్క ఆ డబ్బాలోదే. ఆయన ఇది చదువుతాడు. కాదనమనండి. ఆ రోజు నోరు మూసుకున్న రెండోవాణ్ని నేను, ఇప్పుడు ఊరుకోను.

ఆ రోజు గుట్ట దిగేటప్పుడు సార్ అందరికంటే ముందు నడిచారు, ఎప్పటిలాగే గట్టిగా మాట్లాడుతూ. చేతికొక డబ్బా. అడుగు వేసినప్పుడల్లా లోపలి చిట్టెం గలగలమనేది. ఆ చప్పుడు మాకంటే ముందే ఊరు చేరింది.