పెనం కాల్చిన ఆదివారం

కొత్త పెనానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దోసె పోసే ముందు దాన్ని ఖాళీగా పెద్ద మంట మీద పెట్టి పొగ లేచేదాకా కాల్చాలి, ఆ తర్వాత సగం కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి రుద్దాలి. బోయిగూడలోని మా వంటింట్లో ఇనుప పెనాలన్నీ ఇట్లాగే లొంగాయి. మొన్న ఆదివారం చెల్లె నాన్‌స్టిక్ పెనం కొనుక్కొస్తే నానమ్మ దానికీ అదే శిక్ష వేసింది. ఏదీ అంటకుండా ఉండటం తప్ప ఇంకో పని రాని పెనానికి ఆమె ఆ విద్యే నేర్పిస్తోంది. నేను నవ్వుకుంటూ చూశాను, ఘాటు వాసన వచ్చేదాకా.

చెల్లె పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపేసింది. కిటికీకి వేలాడే పంజరం చేతికి తీసుకుంది. అందులో ఆమె లవ్‌బర్డ్ ఉంటుంది. ఒక్కటే. మా ఇంట్లో ప్రేమకు జంట దొరకడం కష్టం.

"ఖాళీగ గంత కాలుస్తరా నానమ్మా? ఆ పూత మాడితే వచ్చే పొగకు పిట్టలు సచ్చిపోతయ్."

"మనకేం కాలే గద."

"మనం పిట్టలమా?"

పంజరం మేడ మీదికి చేరింది. పిట్ట ఈకలు ఉబ్బించుకుని, ముక్కు తెరిచి, కొయ్య మీద ఊగుతోంది. చెల్లె నేరేడ్‌మెట్‌లోని పక్షుల డాక్టరుకు ఫోన్ చేసింది. గాలి తగలనివ్వండి, కదిలించకండి, నేను క్లినిక్ తెరవగానే తీసుకురండి, అన్నాడాయన. కదలొద్దన్నది పిట్టను. నేను మాత్రం మేడ మీది నీళ్ల ట్యాంకు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. పైపు మరలకు ప్లంబర్ చుట్టిన తెల్ల టేపు కూడా ఆ పెనం పూత పదార్థమేనట. నీళ్లు, యాసిడ్, ఏదీ దాన్ని ఏమీ చేయలేదని ఫోన్‌లో చదివాను. లోకంలో దేనితోనూ కలవని పదార్థం మా ఇంటికొచ్చిన మొదటి రోజే గొడవ పెట్టుకుంది.

"జెర ఒక దగ్గర కూసో," అంది చెల్లె. వేద్దామనుకున్న జోకు మానేసి ఆమె పక్కన కూర్చున్నాను.

మోకాళ్లు నొప్పని కింది వాకిలి కూడా దాటని నానమ్మ, గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పంజరం పక్కన కూలబడి కొంగుతో విసరడం షురూ చేసింది.

"ఆపు నానమ్మా, దానికి చలి పెడ్తది."

ఆపింది. తర్వాత మేము అడ్డుపడేలోపే ఊచల మధ్య వేలు పెట్టింది. పిట్ట అటు జరిగింది, ఇటు జరిగింది, వంగి గట్టిగా కరిచింది.

"అమ్మో, రక్తమొస్తుంది, తియ్యి," అన్నాను.

"కరవనీ," అంది నానమ్మ.