అటు తిరుగు బిడ్డా

ఈ రోజు మేడ్చల్‌లో హెల్మెట్ కొనడానికి వెళ్లాను. బండి మీద పెట్టుకునేది కాదు, వెల్డింగ్ చేసేటప్పుడు పెట్టుకునేది. మిద్దె మీద మల్లెతీగకు ఇనుప పందిరి నేనే చేసుకోవాలని ఈ మధ్య చిన్న మిషన్ కొన్నాను లెండి.

"బావ కొడ్తడా అక్కా వెల్డింగ్?" అన్నాడు షాపతను.

"నేనే కొడ్త."

అతను నన్ను ఎగాదిగా చూసి తోలు గ్లౌజులు, తోలు ఏప్రన్ ముందు పెట్టాడు. నైలాన్ చున్నీ వద్దని, కాటన్ బట్టలే వేసుకోమని చెప్పాడు. ఆ తర్వాత హెల్మెట్ తీశాడు. "మంట రాంగనే అద్దం దానంతటదే నల్లగైతది."

"అయితే మంట దిక్కు సూడొచ్చా?"

"సూడనీకే గదక్కా గిది!" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా నాయిన అత్వెల్లిలో రోడ్డు పక్కన గేట్లు చేసేవాడు. నేను అన్నం డబ్బా తీసుకెళ్తే, "అటు తిరుగు బిడ్డా, కండ్లు పోతయ్" అనేవాడు. వెనక చిటపటలు వినిపించేవి. ఎదురు గోడ మీద నీలం వెలుగులో నా నీడ ఎగిరెగిరి పడేది. ఆయన చేసిన గేట్లు ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి. ఆయన చేస్తుండగా మాత్రం ఒక్కసారీ చూడలేదు. నాయిన పోయి ఆరేళ్లయింది.

"రెండియ్యి" అన్నాను.

"కొట్టేది ఒక్కరే గదక్కా?"

"సూసెటోళ్లకు వద్దా?"

ఆదివారం పందిరి మొదలుపెడతాను. అతుకులు వంకరగా వస్తాయని ముందే చెబుతున్నా. చూడాలనున్నవాళ్లు రండి, రెండో హెల్మెట్ ఖాళీగానే ఉంది. ఎవరినీ అటు తిరగమనను.