గంధం చుక్క, రెండు మిల్లీమీటర్లు

మా ఆయన కలకత్తా దగ్గరి లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ ఏడే, చెక్కను తనంతట తానే చెక్కే చిన్న సీఎన్‌సీ మిషను ఒకటి విడిభాగాలుగా తెప్పించి, ముందు గదిలో మంచం తీయించి, బల్ల వేసి బిగించారు. ఇక్కడ పనిముట్లకూ మిషన్లకూ చేసే విశ్వకర్మ పూజకు సరిగ్గా ముందురోజు పని పూర్తయింది. కంప్యూటర్లో కొలత వేస్తే, పళ్ళున్న రబ్బరు బెల్టు లాగినట్టల్లా కత్తి ఉన్న బండి అటూ ఇటూ నడుస్తుంది.

ముందుగా చెయ్యాలనుకున్నది మా సింహాద్రి అప్పన్నకు పీట. ఇత్తడి విగ్రహం అడుగు కుదురుగా కూర్చునేలా మధ్యలో గుంట తవ్వాలి. అందుకు మా అత్తగారి పాత పెట్టె మూత, టేకుపలక, ఒక్కటే ఉంది. అది పాడైతే మరొకటి లేదు. అందుకని పనికిరాని ప్లైవుడ్ మీద కొలత సరిచూస్తూ వచ్చారు. వంద మిల్లీమీటర్లు కొయ్యమంటే తొంభై ఎనిమిదే కోస్తోంది. కంప్యూటర్లో అంకె కాస్త పెంచితే వంద కుదిరింది కాని, నలభై కొయ్యమన్నప్పుడు దాదాపు నలభై ఒకటయింది. మళ్ళీ అంకె మార్చారు. ఇలా మూడు వారాలు.

పక్కింటి బెంగాలీ దాదా రోజూ టీ వేళకు తొంగిచూసేవాడు. "ఏం దాదా, అన్ని బోగీలు బాగుచేశావు, ఈ బొమ్మబండి నీ మాట వినదా?" అనేవాడు. నాకేసి తిరిగి, వాళ్ళ భాషలో వదినా అని పిలుస్తూ, "బౌదీ, దీనిమీద బట్టలారేసుకో" అనేవాడు. మా ఆయనా నవ్వేవారు. ఒకనాడు నవ్వలేదు.

"బిగించింది నానే, సూసింది నానే. తప్పు నా సేతుల్లోనే ఉందే. సూపూ ఆనట్లేదు. ఇప్పేసి అమ్మేద్దాం," అన్నారు దాదా వెళ్ళాక.

నా మనసు చివుక్కుమంది. ఆ చేతులు బిగించిన బోల్టు మళ్ళీ వదులవడం నేనెరగను.

"రేపొకపాలి మీరు కొయ్యండి, నాను కొలుత్తాను."

"నీకేటి తెలుసే?"

"ఎక్కాలొచ్చు కదండీ!"

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలూ ఎక్కాలూ వంటింట్లో మా అమ్మే చెప్పింది. పెద్ద లెక్క తెమలకపోతే చిన్న ముక్కలు చెయ్యమనేది. ఆమె పుణ్యాన అదే చేశాను. అంకె మొదటిదే పెట్టించి, ఇరవై ఇరవైకి ఒక గీత కోయించి, కొలిచి క్యాలెండరు వెనక రాసుకున్నాను. ఇరవై, నలభై సరిగ్గా ఉన్నాయి. అరవైకి యాభై ఎనిమిది, ఎనభైకి డెబ్బై ఎనిమిది, వందకు తొంభై ఎనిమిది. అంటే నలభైకీ అరవైకీ మధ్య ఒకేచోట రెండు మిల్లీమీటర్లు పోతున్నాయి. తర్వాత అంతా మామూలే.

"రెండంటే బెల్టుకి ఒక పన్ను," అన్నారాయన. "ఆడ పన్ను దాటేత్తన్నాది!"

వంగి చూశాను. బెల్టు పళ్ళ సందుల్లో పసుపచ్చగా, ఎండి రాయైపోయిన గంధం. పూజనాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నాలుగు మూలలా బొట్లు పెట్టి, చెయ్యి ఆగక బెల్టుకీ ఒకటి చిక్కగా అద్దింది నేనే.

చెప్పకుండా గోటితో గీకేద్దామనిపించింది. గీకేస్తే మిషను బాగుపడుతుంది. ఆయన మాత్రం తన చేతులు పోయాయనే అనుకుంటూ ఉంటారు.

"ఏవండీ, తప్పు మీ సేతులది కాదు, నాది. ఆ గంధం నానెట్టిందే."

కళ్ళజోడు సవరించుకుని చూశారు. "పళ్ళల్లోన బొట్టెట్టినావేటే?"

"పూజ కదండీ."

"అప్పన్నకైతే ఏడాదికోపాలి గంధం ఒలుత్తారు. దీనికి ఒలవడానికి ఎవుల్నీ పెట్టలేదే నువ్వు!"

అని పకపకా నవ్వారు. మూడు వారాల తర్వాత మనసారా వచ్చిన ఆ నవ్వు విని మనసులోనే స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

పాత పళ్ళబ్రష్షు నీళ్ళలో తడిపి నేనే ఒలిచాను. ఆరాక కోశారు. వందకు వంద వచ్చింది. టేకుపలక తెస్తానని లేచాను.

"ఆగే. ముందు ప్లైవుడ్ మీదే గుంట తవ్వి సూత్తాను."

తవ్వారు. విగ్రహాన్ని అందులో దించాను. నా కంటికి చక్కగా కూర్చుంది. ఆయన సందులోకి ఒక కాగితం ముక్క దూర్చారు.

"కాయితం దూరతన్నాది."

"దూరితే ఏటండి?"

"దూరకూడదు. నా పని అలాగుండదు."

అని మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నారు. విగ్రహాన్ని తిరిగి గూట్లో పెట్టి, టీ కాచడానికి వెళ్ళాను. పీట ఎప్పుడవుతుందని నేను అడగలేదు.