చేపలకు నీళ్ళెక్కించిన రోజు

మా అత్తగారు చేపను చేత్తో పట్టుకోవడం నేను మొదటిసారి చూసింది జూబ్లీహిల్స్‌లోని మా ఇంటి హాల్లో, ఒక సినిమా షూటింగ్ మధ్యలో. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మధ్యాహ్నం గుర్తొస్తే, మెట్ల మీద కూర్చుండిపోయిన నేనే ముందు కనిపిస్తాను.

వాళ్ళది నీచు గిట్టని ఇల్లు. మాది భీమవరం వైపు నుంచి వచ్చి మోతీనగర్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఇంట్లో చేపల పులుసు ఉండాల్సిందే. నేనూ మా ఆయనా ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. కోడలిగా అడుగుపెట్టిన వారంలోనే అత్తయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"నువ్వేం తింటవో నీ ఇష్టం బిడ్డా. మీ అమ్మగారింట్ల తినిరా. ఈ ఇంట్లకు మాత్రం ఆ వాసన రావద్దు."

ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకూ కష్టం అనిపించలేదు. పుట్టింటి నుంచి వచ్చిన రోజు స్నానం చేశాకే వంటింట్లోకి వెళ్ళేదాన్ని.

మామయ్య బట్టల వ్యాపారం చేసేవారు. నా పెళ్ళయిన కొన్నాళ్ళకే మంచం పట్టారు. చివరి నెలలు ఆస్పత్రి వద్దని ఇంట్లోనే, పై గదిలో ఉన్నారు. ఆయన పోయాక మేమిద్దరం పొద్దున్నే ఆఫీసులకు వెళ్ళిపోయేవాళ్ళం, అంత ఇంట్లో అత్తయ్య ఒక్కతే మిగిలేది. ఆ రోజుల్లో మా వీధిలో సగం ఇళ్ళు షూటింగులకు ఇచ్చేవారు. ఫిల్మ్‌నగర్ నుంచి మేనేజర్లు స్కూటర్ల మీద వచ్చి గేట్లు కొట్టి అడిగేవారు. మేం కూడా కింది హాలు ఇద్దామని అత్తయ్యే అంది. "ఇల్లు సప్పుడు లేకుండ ఉంటే నాకు గుబులైతుంది. ఎవలన్నా వచ్చిపోతుంటె మంచిగుంటది" అంది. అలాగని షూటింగ్ చూసేది కాదు. కింద లైట్లు వెలిగితే పైన తలుపేసుకుని టీవీ పెట్టుకునేది.

ఆ వేసవిలో ఒక యూనిట్ వచ్చింది. సీను కోసమని హాలు మధ్యలో పెద్ద అక్వేరియం పెట్టారు. ఆర్ట్ అసిస్టెంటు ఒకతను ఎర్రగడ్డలోని ఒక దుకాణం నుంచి గోల్డ్‌ఫిష్‌లు, నల్లచారల ఏంజెల్‌ చేపలు తెచ్చాడు. నీళ్ళు కూడా అక్కడివే క్యాన్లలో పట్టుకొచ్చాడు. నాకు ఆ వారం సాయంత్రం షిఫ్టు కావడంతో పొద్దున ఇంట్లోనే ఉన్నాను. నీళ్ళు ఎందుకు మోసుకొచ్చారని అడిగితే, "కొత్త నీళ్ళల్లో వేస్తే చచ్చిపోతాయంటండీ, షాపతను ఒకటికి పదిసార్లు చెప్పాడు" అన్నాడు. అతనిది రాజమండ్రి వైపు యాస. అక్వేరియం అంటే ఇంట్లో ఏమంటారోనని భయపడి నేను పైకి వెళ్ళి అత్తయ్యకు చెప్పాను. ఆమె కొంచెం మొహం చిట్లించింది. "సాయంత్రం దాంక గద. పోనియ్" అని టీవీ చప్పుడు పెంచింది.

సీను ఏమిటంటే, హీరోకి తండ్రి మీద కోపం వచ్చి చేతికందిన ఇత్తడి పూలకుండీ విసిరితే అక్వేరియం పగలాలి. ఆ షాట్‌కి ముందు చేపల్ని తీసేస్తారని అసిస్టెంటు నాతో అన్నాడు. నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. అతను వల పట్టుకుని దగ్గరికి వెళ్ళేసరికి డైరెక్టరు మానిటరు వెనకనుంచి, "ఉండనీ. ఒట్టి నీళ్ళు పగిలితే ఏముంటుంది ఫీల్?" అన్నాడు. అసిస్టెంటు వల పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నేను మెట్టు మీంచి లేవలేదు. నిజంగా అలా చేస్తారని నా బుర్రకు ఎక్కలేదు.

కుండీ తగిలింది. అద్దం ఒక్క క్షణం ఆగి, నిలువునా విచ్చుకుంది. నీళ్ళు మార్బుల్ మీద నా కాళ్ళ దగ్గరున్న మెట్టు దాకా వచ్చాయి. నేల మీద ఎర్రగా, తెల్లగా చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. చిన్నప్పుడు మార్కెట్లో చేపలు కొట్టుకోవడం చూస్తూ పెరిగినదాన్ని. ఎన్నడూ ఏమీ అనిపించలేదు. ఆ రోజు మాత్రం కాళ్ళు పైమెట్టు మీదికి లాక్కున్నాను. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. హీరో వాటి మధ్యలోంచి నడిచి తలుపు దగ్గరకు వెళ్ళాలి. బూటు వేసుకున్న కాలు ఎత్తాడు.

అప్పుడు నా భుజాన్ని ఎవరో పక్కకు నెట్టారు. అత్తయ్య. అద్దం పగిలిన చప్పుడుకి బయటకు వచ్చినట్టుంది. చేతిలో స్టీలు గిన్నె. గాజుపెంకులున్నాయని కూడా చూడకుండా నేల మీద కూర్చుని, ఒట్టి చేతులతో చేపల్ని ఏరి గిన్నెలో వేయడం మొదలుపెట్టింది. ఒకటి జారిపోతే చీరకొంగుతో పట్టింది. హీరో ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. "కట్" అనే మాట చాలాసేపటికి వినపడింది.

"మేడమ్, మీరు ఫ్రేమ్‌లోకి వచ్చేశారు" అన్నాడు డైరెక్టరు.

"వస్తే వచ్చిన" అంది ఆమె తలెత్తకుండా. "పానం ఉన్నయి గదయ్యా ఇవి. జర నీళ్ళు తెప్పియ్యి."

ఒక లైట్‌బాయ్ పరుగెత్తి బాత్రూంలోంచి బకెట్టుతో నల్లా నీళ్ళు పట్టుకొచ్చాడు. అత్తయ్య గిన్నెలోని చేపలు కొన్ని అందులో వేసింది. అవి ఒకసారి గిర్రున తిరిగి, ఒకదాని తర్వాత ఒకటి పక్కకు ఒరిగిపోయాయి. కాపాడామనుకున్న చేపలు కళ్ళముందే అలా తేలిపోయాయి. అత్తయ్య మిగతా గిన్నెను గుండెకు దగ్గరగా లాక్కుంది.

అసిస్టెంటుకు అప్పుడు గుర్తొచ్చింది, ఎర్రగడ్డ నీళ్ళ క్యాను ఇంకొకటి వ్యానులో ఉందని. ఆ నీళ్ళు ప్లాస్టిక్ టబ్బులో పోసి మిగిలిన చేపల్ని అందులో వదిలాం. నెమ్మదిగా మొప్పలు కదిలాయి. అతని సెల్‌ఫోన్‌లోంచే నేను దుకాణదారుతో మాట్లాడాను.

"అమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడతను. "నల్లా నీళ్ళల్ల బ్లీచింగ్ ఉంటది, డైరెక్ట్ ఎయ్యొద్దు. డబ్బాల నిన్నమొన్న పట్టిపెట్టిన నీళ్ళు ఉంటె అవి మంచిగ. గని ఒక్కసారి పొయ్యకుండ్రి. నా నీళ్ళు వేరే, మీ ఇంటి నీళ్ళు వేరే. చుక్క చుక్క కలపాలె. చేప నీళ్ళకు అలవాటు కావాలె గద."

డాబా మీద మొక్కల కోసం డ్రమ్ములో పట్టిన నీళ్ళు ఉన్నాయి. ఎండకు కాగినవి కావడంతో కొంతసేపు నీడలో ఉంచాం. చుక్క చుక్కగా పోయడం ఎలాగో నాకు తోచలేదు. గ్లాసుతో పోస్తుంటే ఎంత జాగ్రత్త పడ్డా ధారే పడుతోంది. అత్తయ్య చూసి చూసి లేచి పైకి వెళ్ళింది.

దిగి వస్తున్నప్పుడు ఆమె చేతిలో ఉన్నది చూసి నేను గ్లాసు కింద పెట్టేశాను. మామయ్యకు సెలైన్ ఎక్కించిన ఇనుప స్టాండు. రెండో చేతిలో ఖాళీ సెలైన్ సీసా, సీలు విప్పని ట్యూబు ప్యాకెట్టు. ఆయన పోయిన మర్నాడే మందులూ మంచమూ అన్నీ ఎవరికో ఇచ్చేశాం. ఇవి ఆ ఇంట్లో ఉన్నాయని నాకు గాని మా ఆయనకు గాని తెలియదు.

"బీరువ ఎన్కల పెట్టిన" అంది, నేను అడగకముందే.

సీసా అడుగు కోసి స్టాండుకు తలకిందులుగా తగిలించింది. డ్రమ్ము నీళ్ళు పోసింది. ట్యూబు కొసన ఉన్న సూది భాగం తీసేసి, ఆ కొసను టబ్బులోకి వదిలింది. చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పుతూ చుక్కల వంక చూసింది. ఆ వేగం చాలదన్నట్టు కొంచెం తిప్పింది. మళ్ళీ ఎక్కువైందన్నట్టు వెనక్కి తిప్పింది. చేతులు తడుముకోలేదు. ఎన్ని నెలలు చేసిన పని అది.

యూనిట్‌ను ఆమే పంపేసింది. మేనేజరు వచ్చి చేతులు కట్టుకుని ఇంకా రెండు షాట్లున్నాయన్నాడు. "వేరే ఇంట్ల తీసుకోండ్రి" అని ఊరుకుంది. వాళ్ళు గాజుముక్కలు ఊడ్చి, లైట్లు సర్దుకుని వెళ్ళిపోయారు. నేను ఆఫీసుకు ఫోన్ చేసి రాలేనని చెప్పాను. కారణం అడిగితే చేపలని చెప్పలేక జ్వరమన్నాను. హాల్లో మేమిద్దరమే మిగిలాం. టబ్బుకు ఆ పక్కన ఆమె, ఈ పక్కన నేను. ఒక్కో చుక్క పడినప్పుడల్లా ఏంజెల్‌ చేప ఒకటి దాని కిందికి వచ్చి తోక ఊపి పోతోంది.

రెండోసారి సీసా నింపాక ఆమె, "నేను బంద్ చేసిన" అంది.

నేను ట్యూబు వంక చూశాను. "పడుతూనే ఉంది కదా అత్తయ్యా."

"ఇది కాదు. ఆయనది."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చుక్కల మీంచి చూపు తిప్పలేదు.

"ఆ దినం పొద్దుగాల నర్సు పెట్టి పోయింది. మీరిద్దరు ఆఫీసుల ఉన్నరు. నా చెయ్యి పట్టుకున్నడు. ఇగ చాలు, బంద్ చెయ్యి అన్నడు. అంతకుముందు గూడ అన్నడు, నేను ఇనలే. ఆ దినం ఆయన మొకం జూసి ఈ చక్రం తిప్పిన. నర్సు వచ్చే టైముకు మళ్ళ ఇడిచిన. తెల్లారి పోయిండు."

ఆ రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చి ఆమె పక్కన కూర్చుని టీ తాగాను. మామయ్య ఎలా ఉన్నారంటే "నిద్రవోతున్నడు" అంది. అంతకుమించి ఆమె ముఖంలో నాకేమీ కనబడలేదు.

"డాక్టరు అప్పటికే చెప్పారు కదా, ఇక లాభం లేదని..." అన్నాను.

"నాకు యాదికుంది. అయినా తిప్పింది నా చెయ్యే గద బిడ్డా."

"ఆయనకు చెప్పలేదా?" నేను అడిగింది మా ఆయన గురించి.

"ఎట్ల చెప్త? ఇన్నంక నా మొకం జూస్తడా?"

లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. అరచేతిలో గాజు గీసుకుని నెత్తురు ఎండిపోయి ఉంది. కడిగి పసుపు పెట్టాను. ఆమె చెయ్యి ఇచ్చింది గాని కళ్ళు టబ్బు మీదే ఉంచింది. సాయంత్రానికి టబ్బులో నీళ్ళు సగానికి పైగా మా ఇంటివే అయ్యాయి. చేపలు తిన్నగా ఈదుతున్నాయి.

మా ఆయన ఇంటికి వచ్చి గడప దగ్గరే ఆగిపోయాడు. టబ్బూ చూడలేదు, చేపలూ చూడలేదు. స్టాండు వంకే చూస్తూ, "ఇదెక్కడిది?" అన్నాడు. అత్తయ్య నా వైపు చూసింది. నేను షూటింగ్ సంగతి చెప్పుకుంటూ పోయాను. మిగతాది ఆమె చెప్పాల్సిందే గాని నేను కాదు.

ఆమె ఆ ఆదివారం కొడుక్కి చెప్పింది. నేను చర్చికి వెళ్ళి వచ్చేసరికి మా ఆయన ఇంట్లో లేడు. చీకటి పడే వేళకు వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. తర్వాత చాలా రోజులు తల్లితో అవసరమైన మాటే మాట్లాడాడు. ఆమె ఎర్రగడ్డ నుంచి కొత్త అక్వేరియం తెప్పించి హాల్లో గోడవారగా పెట్టించింది. పొద్దునే చేపలకు మేత వేసి చెయ్యి కడుక్కుని పూజ గదిలోకి వెళ్ళేది. చేపల్లో రెండు ఆ మొదటి వారమే పోయాయి. తక్కినవి నిలదొక్కుకున్నాయి.

ఒకరోజు నేను ఆఫీసుకు తయారై కిందికి దిగుతుంటే, ఆమె మేత వేస్తున్న చోటుకు మా ఆయన వచ్చి నిలబడ్డాడు.

"నాన్న ఇంకేమన్నడు ఆ రోజు?"

ఆమె మేత డబ్బా మూత పెట్టింది. "ఏమనలే. కర్టెన్ తియ్యమన్నడు. బయట వాన పడుతుండె. జరసేపు జూసిండు."

"ఎంతసేపు?"

"అట్లనే జూసుకుంట నిద్రవోయిండు."

మా ఆయన మార్బుల్ మీదే కూర్చుండిపోయాడు. ఆమె కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. కంపెనీ కారు గేటు ముందు హారన్ కొడుతోంది. నేను వెనక తలుపు గుండా వెళ్ళి, ఈ రోజు మేమిద్దరం రావడం లేదని డ్రైవరుకు చెప్పి పంపించాను.